డాలు మీద కొంగ

అప్పట్లో మా ఆఫీసు సింగపూర్‌లోని ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో ఉండేది. ఐటీ పనులు వరదలా వస్తున్న రోజులు. జర్మనీలోని ఒక చిన్న మునిసిపాలిటీ వెబ్‌సైట్ మా టీముకు వచ్చింది. పాలిటెక్నిక్ డిప్లొమా, అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు, ఇదీ నా చదువు. నేను టెస్టర్‌ని, తప్పులు పట్టడం నా పని. మా లీడ్ గుంటూరు వైపు మనిషి, ఇంజనీరింగ్ చదివినవాడు. ఇద్దరం తెలుగువాళ్ళం కాబట్టి స్నేహంగా ఉంటామని మిగతావాళ్ళు అనుకునేవారు. మొదటి వారంలోనే అతనంటే నాకు అసహ్యం పుట్టింది. అతనికి నేనంటే అంతకన్నా ముందే పుట్టి ఉండాలి.

శనివారాలు నేను లైబ్రరీలో గడిపేవాణ్ణి. కాలేజీలు ఇవ్వని చదువు అక్కడ తెచ్చుకున్నానని నాకు గర్వం, ఇప్పటికీ ఉంది. లిఫ్ట్ దగ్గర వాన గురించి మాట వచ్చినా రుతుపవనాల గురించి చదివింది చెప్పేవాణ్ణి. అతను నాకు పంతులు అని పేరు పెట్టాడు. అర్థం తెలియని తమిళ కుర్రాళ్ళు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు.

ఆ నెలాఖరుకు నా కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించాలంటే లీడ్ మంచి మాట రాయాలి. రాయకపోతే వర్క్ పాస్ రద్దవుతుంది, పెట్టె సర్దుకోవాలి. అతను రాయడని నాకు నమ్మకం. అందుకే అతని పనిలోనే ఒక పెద్ద తప్పు పట్టుకోవాలనుకున్నాను. అప్పుడు మేనేజరే నా విలువ చూస్తుందనుకున్నాను.

అతను చేసిన పేజీల్లో ఊరి జెండాలు, చిహ్నాల పేజీ ఒకటి. జెండా ఆకుపచ్చా తెలుపూ చారలు, మధ్యలో డాలు, డాలు మీద ఎర్ర ముక్కు కొంగ. పేజీ పైభాగంలో కొంగ మనకు ఎడమ వైపు చూస్తోంది. కింద ఇంకో బొమ్మ. అందులో ఈ డాలు పక్కనే, ఈ మధ్యే మునిసిపాలిటీలో కలిపిన పొరుగు ఊరి డాలు ఉంది, దాని మీద మేక. అక్కడ మాత్రం కొంగ కుడి వైపుకు, మేక కేసి తిరిగి ఉంది. ఒకే కొంగ రెండు వైపులా ఎలా చూస్తుంది?

ఆ శనివారం చిహ్నాల శాస్త్రం మీద ఒక లావుపాటి పుస్తకం వెతికి పట్టుకున్నాను. కావలసింది దొరికింది. డాలు మీద కుడి అంటే డాలు పట్టుకున్న వీరుడి కుడి. ఎదురుగా నిలబడ్డ మనకు అది ఎడమ. జంతువులు, పక్షులు ఎప్పుడూ ఆ వైపే చూడాలి. పుస్తకం మూసి వెంటనే తిరిగిచ్చేశాను. అంత సంతోషం నాకు జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

సోమవారం ఉదయం బగ్ రాశాను, షోస్టాపర్ అని పెట్టి, అంటే అది దిద్దేదాకా సైట్ తెరవకూడదని. లీడ్‌కి చెప్పకుండా నేరుగా మేనేజర్‌కి కాపీ పంపాను. అతను నా టేబుల్ దగ్గరకు వచ్చాడు.

"ఆ బొమ్మ వాళ్ళు పంపించిందయ్యా. వాళ్ళ ఊరి కొంగ ఎటు చూడాలో నువ్వు చెప్తావా?"

"నేను చెప్పడం లేదండీ, శాస్త్రం చెప్తోంది."

"నీ శాస్త్రం నువ్వే చదువుకో. క్లయింట్‌ని ఒక మాట అడుగుదాం."

అడిగితే ఆ మెప్పు అతని ఖాతాలోకి పోతుందనిపించింది. అక్కర్లేదని, నియమం స్పష్టంగా ఉందని మేనేజర్‌కి పేజీ నంబరుతో సహా రాశాను. ఆమె సింగపూర్ చైనీస్ ఆవిడ, వాదనలు వినే ఓపిక లేని మనిషి. పుస్తకంలో అలా ఉంటే అలాగే మార్చేయమంది. అతను నా ఎదురుగానే కొంగను తిప్పాడు. మేక ఇప్పుడు కొంగ తోక వైపు చూస్తోంది.

సైట్ తెరిచిన వారానికి మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మేనేజర్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. లీడ్ కాగితం నా ముందుకు తోశాడు.

"చదవండి పంతులు గారూ. పైకి చదవండి, చదవడం మీకు ఇష్టం కదా."

చదివాను. రెండు డాళ్ళు పక్కపక్కన పెట్టినప్పుడు మొదటి డాలు మీది ప్రాణిని రెండోదాని వైపు తిప్పడం తమ మర్యాద అని రాశారు. ఆ రెండు ఊళ్ళకూ పాత వైరం ఉందట. పెద్ద ఊరు మాకు వెనుక భాగం చూపించిందని మేక ఊరివాళ్ళు ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారట. దయచేసి పక్షిని ఇదివరకు ఉన్నట్టే పెట్టమన్నారు. కాగితం మడిచి టేబుల్ మీద పెట్టాను.

ఇక ఇతని కాంట్రాక్టు సంగతేమిటని మేనేజర్ నా ముందే లీడ్‌ని అడిగింది. అతను కాసేపు పెన్ను టేబుల్ మీద కొట్టాడు. ఉంచండి, పని చేస్తాడు అని ఇంగ్లీషులో ఆమెతో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నిన్ను పంపించేస్తే రోజూ ఎవణ్ణి చూసి నవ్వుకోవాలయ్యా?"

తెలుగు రాని మేనేజర్ మంచి మాటేదో అన్నాడనుకుని నవ్వింది. అక్కర్లేదు, వెళ్ళిపోతాను అనాల్సింది. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టాను. అతను ఆ రోజు నన్ను గెంటేసి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఉంచినందుకే ఇప్పటికీ క్షమించలేదు.

సాయంత్రం లైబ్రరీకి వెళ్ళాను. ఆ పుస్తకం అదే అరలో ఉంది. మర్యాద నియమం తర్వాతి అధ్యాయంలోనే ఉంది, నేను ఆపిన చోటుకు మూడు పేజీల అవతల. అక్కడే నిలబడి ఆ అధ్యాయం చివరిదాకా చదివాను.

మర్నాడు క్షమాపణ ఉత్తరం నన్నే రాయమన్నాడు లీడ్. నాలుగు వాక్యాల్లో తప్పు ఒప్పుకున్నాను. ఐదో వాక్యం దానంతటదే వచ్చేసింది. ఇలా ప్రాణిని తిప్పినప్పుడు డాలు మీద అక్షరాలేవైనా ఉంటే వాటిని మాత్రం తిప్పకూడదని కూడా నియమం ఉందని రాశాను. అతను నా భుజం మీదుగా వంగి స్క్రీన్ చదివాడు.

"ఇది వాళ్ళు అడిగారా?"

"లేదండీ."

కీబోర్డు తన వైపు లాక్కుని ఆ వాక్యం చెరిపేశాడు. కింద నా పేరు ఉందో లేదో చూసుకుని, పంపమన్నాడు. పంపాను.