ఊటతుంగకు వేసిన కంచె

పెద్దక్క పొద్దున్నే తోటలోకి రాగానే సంచి కూడా దింపకుండా నేరుగా ఊట దగ్గరికి వెళ్తుంది. రాతి పగుల్లోంచి నీళ్లు కారుతూ నల్లమట్టి ఎప్పుడూ తడిగా ఉండే ఆ కాస్త నేల పక్కన గొంతుక్కూర్చుని, ఒక కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా తిప్పుతుంది. వేళ్లకు మూడు అంచులు తగులుతాయి. అప్పుడు లేచి పనిలోకి వెళ్తుంది.

దాని పేరు ఊటతుంగ. చూడటానికి ఉత్త గడ్డిలా ఉంటుంది. కానీ గడ్డికాడ గుండ్రంగా, లోపల బోలుగా ఉంటే, దీని కాడ మూడు మూలలతో నిండుగా, గట్టిగా ఉంటుంది. ఆకులు మూడు వరసల్లో లేస్తాయి. కొసన ఒక మగకంకి, దాని కింద ఆడకంకులు. ఒక్కో గింజా ముక్కున్న బుల్లి పచ్చ సంచిలో దాక్కుంటుంది. ఎండలకు పైన మాడిపోయినా నేలలో దుబ్బు చావదు, ఎండలు తగ్గగానే మళ్లీ చిగురేస్తుంది. అలా ఏళ్ల తరబడి బతుకుతుంది. పట్టింపులు మాత్రం కొత్త అల్లుడికి కూడా అన్ని ఉండవు. ఊట ఏడాది పొడవునా పారాలి, మట్టి పల్చగా ఉండాలి, మీద ఎవరి నీడా పడకూడదు.

చదువు మధ్యలో ఆగిపోయి ఆ తోటలో నీళ్లు పోసే పనికి చేరిన పెద్దక్కకు అది దొరకడం ఆమె జీవితంలో జరిగిన పెద్ద సంగతి. పంపుగదికి వెళ్లే అడ్డదారి పక్కన కలుపు తీస్తుంటే ఒక కాడ చేతికి వేరుగా తగిలింది. పీకకుండా వదిలేసి తోట సూపరింటెండెంటుగారిని పిలుచుకొచ్చింది. ఆయన దాన్ని తెలిసినవాళ్లకు చూపిస్తే, అరుదైన మొక్క, జాగ్రత్తగా కాపాడండి అన్నారు. ఆనాటి నుంచి తోటలో అందరికీ అది పెద్దక్క మొక్క. ఇంటికి పెద్దదైనా ఎప్పుడూ ఏదీ తనదని చెప్పుకోలేని మనిషికి, ఆ మాట విన్నప్పుడల్లా లోలోపల వెన్న రాసినట్టు ఉండేది.

అంతలో చెల్లెలు అదే తోటలో సందర్శకులకు మొక్కలు చూపించే ఉద్యోగంలో చేరింది.

చిన్నప్పటి నుంచీ అంతే. ఎత్తుకుని మాటలు నేర్పింది అక్క. నలుగురిలో మాట్లాడి ముద్దులు మూటగట్టుకున్నది చెల్లెలు. ఇప్పుడు ఊట దగ్గర జనాన్ని చుట్టూ నిలబెట్టి, "కళ్లు మూసుకుని కాడ తిప్పి చూడండి, ఎన్ని అంచులో చెప్పండి" అంటుంటే పిల్లలూ పెద్దలూ ఎగబడేవాళ్లు. ఆ కాడ తిప్పడం అన్నం తింటూ అక్క చెప్పిన కిటుకే. ఒకరోజు ఒకావిడ, "దీన్ని కనిపెట్టింది మీరేనా అమ్మా?" అని అడిగింది. చెల్లెలు నవ్వేసి, అవునూ కాదూ అనకుండా ముందుకు నడిచింది. కుండీల చాటున ఉన్న పెద్దక్కకు కడుపులో కుంపటి రాజుకుంది.

మర్నాడే ఆమె సూపరింటెండెంటుగారి ముందు నిలబడింది. "జనం మొక్కను తొక్కేస్తున్నారండీ. కంచె వేయించాలి."

ఆయనకూ సబబే అనిపించింది. ఊట చుట్టూ తీగ కంచె, గేటు, తాళం వచ్చాయి. తాళంచెవి పెద్దక్క మెడలో తాడుకు ఎక్కింది. అడ్డదారి మూసుకుపోయింది.

"ఏమే, నా దారి మింగేశావు. ఇక నేను తోటంతా ప్రదక్షిణ చేసి పంపు వేయాలా?" అని రోజూ ఆ అడ్డదారినే పంపుగదికి వెళ్లే పంపు తాత గొణిగాడు.

"నడిస్తే ఒళ్లు తగ్గుతుందిలే తాతా."

"నా ఒంటి సంగతి సరే, నీ ఒళ్లు మండుతున్నదెందుకో అది చెప్పు."

ఆమె వినిపించుకోలేదు. చెల్లెలు జనాన్ని కంచె బయట నిలబెట్టి దూరం నుంచి చూపించాల్సి వస్తుంటే పెద్దక్కకు కళ్లు చల్లబడ్డాయి.

వానలు పడ్డాయి. కంచె లోపల గడ్డి మోకాలెత్తు పెరిగింది, తీగలు అల్లుకున్నాయి. తొక్కేవాళ్లు లేకపోతే నేల ఎంత పచ్చబడిందో అని పెద్దక్క మురిసింది. ఆ పచ్చదనంలో ఊటతుంగ మాత్రం పల్చబడుతూ వచ్చింది. మరుసటి కంకుల కాలానికి వెతికితే గానీ ఒక దుబ్బు కనిపించలేదు. ఇంటికెళ్లి ఆ కోపమంతా చెల్లెలి మీద చూపించింది.

"నీ జనం పాడు చేశారు దాన్ని."

"తాళం నీ మెడలో ఉంటే నా జనం ఎలా పాడు చేస్తారే? గాల్లో ఎగిరొచ్చా?"

అలా ఉండగా ఒకరోజు కంచె బయట, చెల్లెలు జనాన్ని నిలబెట్టే చోట కలుపు తీస్తూ పెద్దక్క ఆగిపోయింది. ఊటనీరు తీగ కిందుగా అక్కడిదాకా జారి వస్తోంది. అడుగుల కింద నలిగి, గడ్డి ఊడి, నల్లమట్టి బయటపడి ఉంది. ఆ మట్టినిండా సన్నటి మొలకలు. ఒకదాన్ని పట్టుకుంది. మూడు వరసల ఆకులు.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ గింజకు వెలుతురు కావాలి, ఖాళీ మట్టి కావాలి. ఇన్నేళ్లూ ఆ మొక్క బతికింది పంపు తాత కాళ్ల పుణ్యాన. తను దారి మూసి, గడ్డిని పెంచి, దాని ఊపిరి తీసింది. అది మళ్లీ పుట్టిందీ చెల్లెలి జనం తొక్కిన చోటే! చూస్తూ చూస్తూ ఈ మెప్పు కూడా చెల్లెలికేనా? వేళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. మొలక వేరుతో సహా ఊడి వచ్చింది.

"ఏం చేస్తున్నావక్కా?" వెనక చెల్లెలు.

"కలుపు తీస్తున్నా."

చెల్లెలు వంగి, ఆ మొలకను తీసుకుని తేరిపార చూసింది. "మూడు వరసల ఆకులున్న కలుపా?"

పెద్దక్క మొహం కందగడ్డలా అయింది. "వెళ్లు. వెళ్లి సూపరింటెండెంటుగారికి చెప్పి శాలువా కప్పించుకో."

"నేను చెప్పను. నువ్వే చెప్పు."

"నీ దయ నాకేం అక్కర్లేదు."

"దయా పాడా! నేను చెబితే నువ్వు ఏడాది పాటు మూతి ముడుచుకుంటావు. అన్నం దగ్గర ఆ మూతి ఎదురుగా కూర్చునేది నేనే కదా." చెల్లెలు మొలకను మళ్లీ మట్టిలో గుచ్చి, చుట్టూ వేళ్లతో నొక్కి వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది పెద్దక్కకు. మంచితనంలో కూడా అదే ముందు. మెడలోని తాళంచెవి తీసి చేత పట్టుకుని ఆఫీసుకు నడిచింది.

"కంచె తీయించాలండీ."

"మీరే కదమ్మా పట్టుబట్టి వేయించింది? జనం తొక్కరూ?"

"తొక్కాలండీ. తొక్కకపోతే అది చస్తుంది. నేనే తప్పు చేశాను."

కంచె ఊడింది. లోపలి గడ్డి కోయించారు. పంపు తాత తన పాత దారిన కావాలని దబదబా అడుగులేస్తూ వెళ్లాడు. మళ్లీ వానలొచ్చేసరికి దారికి ఇరువైపులా ఊటతుంగ లేచింది.

చెల్లెలు ఇప్పుడు సందర్శకులతో, "దీన్ని కనిపెట్టింది మా అక్క, అదిగో ఆ కుండీల దగ్గర" అని చూపిస్తుంది. తర్వాత కంచె కథ కూడా చెబుతుంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ నవ్వించాలో అక్కడ నవ్విస్తుంది. జనం చప్పట్లు కొడతారు. తన తప్పును కూడా తనకన్నా అదే బాగా చెబుతోందని పెద్దక్కకు లోపల చురుక్కుమంటుంది.

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే తోటలో పనిచేస్తారు. పెద్దక్క మాత్రం, ఊట దగ్గరికి ముందు తనే చేరాలని, పనికి చెల్లెలి కన్నా ఒక బస్సు ముందే బయలుదేరుతుంది.