పెద్దమ్మ చేతులు కట్టుకున్న సాయంత్రం

పెద్దమ్మ నర్సు ఉద్యోగమంతా కాలిన గాయాల వార్డులోనే గడిచింది. రిటైరయ్యాక కూడా ఎవరింటికెళ్లినా ముందు వంటగదిలోకి తొంగిచూసేది. పొయ్యి మీద గిన్నె కాడ బయటికుంటే లోపలికి తిప్పేది, ఇస్త్రీపెట్టె వైరు వేలాడుతుంటే చుట్టి పైన పెట్టేది. "అక్కొచ్చిందంటే మా ఇంట్లో అగ్గిపెట్టె కూడా నోరెత్తదు" అని చెల్లెలు నవ్వేది. పెద్దమ్మకి మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఆ రోజు చెల్లెలి కూతురి పుట్టినరోజు. కేకు వద్దు, స్మోర్స్ కావాలని కూర్చుంది పిల్ల. మెత్తని పంచదార ముద్దలాంటి మార్ష్‌మలోని నిప్పు మీద కాల్చి, చాక్లెట్ ముక్కతో కలిపి రెండు బిస్కట్ల మధ్య నొక్కి తినడమట, ఫోన్లో చూసింది. సాయంత్రానికి నేస్తాలంతా వచ్చి, పుల్లలకు మార్ష్‌మలోలు గుచ్చుకుని పెరట్లో ఇటుకల చుట్టూ చేరారు. ముందురోజు వానకి కట్టెలు నానిపోయాయి. మంటెక్కడా లేదు, కళ్లు మండించే పొగ తప్ప.

పిల్ల నాన్న బళ్లకు రంగులేసే మనిషి. ఊదీ ఊదీ విసుగొచ్చి, షెడ్డులోకెళ్లి రంగులో కలిపే థిన్నర్ డబ్బా పట్టుకొచ్చాడు.

"ఒక్క గుక్క తాగిస్తే ఎలా లేస్తుందో చూడండర్రా!" అంటూ మూత తిప్పాడు.

పెద్దమ్మకి డబ్బా కనపడే ముందే వాసన తగిలింది.

"ఆపు! ఆపరా!"

మరిదిని ఎన్నడూ 'మీరు' తప్ప అనని మనిషి. ఒక్క అంగలో వెళ్లి డబ్బా పట్టుకుని లాగింది. ఆయన వదల్లేదు. ఇద్దరి మధ్యా అది జారి కిందపడి, గుడగుడమంటూ ఇటుకల వైపు పారింది. కట్టెల్లోని నిప్పు తగిలి భగ్గుమంది. మంట ఆ తడి వెంటే వెనక్కి పరిగెత్తుకొచ్చింది.

పెద్దమ్మ ముందు పిల్లని బలంగా వెనక్కి తోసేసింది. తర్వాత, ప్యాంటు అంచు అంటుకున్న మరిదిని నేల మీద పడేసి, కట్టెల మీద కప్పిన తడి గోనెసంచి కాలికి చుట్టింది. చెల్లెలు ఇసుక తెచ్చి పోసింది. మంట ఆరింది. పిల్లలు ఏడుస్తూ ఇళ్లకు పోయారు. ఆయన పిక్క మీద అరచేయంత మేర ఎర్రగా కమిలింది. పెద్దమ్మ ఆ కాలిని కుళాయి కింద పెట్టి, ఆయన చాలంటున్నా వదలకుండా నీళ్లు పోస్తూనే ఉంది.

కట్టు కట్టించుకున్నాక ఆయన మెల్లగా అన్నాడు. "వదినా, మీరు లాక్కోకపోతే డబ్బా పడేదే కాదు."

"లాక్కోకపోతే మంట డబ్బాలోకే ఎక్కేది."

"ఒక్క మాట చెబితే ఆగేవాణ్ణిగా."

పెద్దమ్మ ఆయన కట్టు అంచు సరిచేసింది. ఆయన చెప్పిందీ కొట్టిపారేయడానికి లేదు.

పెద్దమ్మ ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. మర్నాడు పొద్దున చెల్లెలు స్టవ్ వెలిగించింది. టిక్కుమన్న శబ్దానికే పిల్ల చేతిలో గ్లాసు అక్కడ పెట్టేసి వంటగదిలోంచి వెళ్లిపోయింది. దాని మోచేయి గీరుకుపోయి ఉంది. నిన్న పెద్దమ్మ తోస్తే పడినప్పటి దెబ్బ. చర్మం మానిపోయినా అగ్గిపుల్ల గీయలేని వాళ్లని పెద్దమ్మ వార్డులో ఎందరినో చూసింది. ఈ పిల్లకసలు మంటే తగల్లేదు. తగిలిందల్లా తన చెయ్యీ, తన కేకానూ. కాఫీ అలాగే వదిలేసి లేచింది.

వెళ్లి పిల్ల మంచం మీద కూర్చుంది.

"నిన్న తోసినందుకు తప్పయింది బంగారం. సాయంత్రం మళ్లీ చేద్దామా?"

"నాకొద్దు."

"నాకు కావాలే. నేనెప్పుడూ తినలేదు."

పిల్ల గోడవైపు తిరిగి మాత్రం పడుకోలేదు.

సాయంత్రం మరిది కుంటుకుంటూనే ఇనప కుంపటి తెచ్చి పొడి బొగ్గులు అంటించాడు. ఆయన ఆత్రంగా పుల్ల తీసుకోబోతే పెద్దమ్మ వారించింది.

"మంట పోయి, పైన బూడిద కట్టేదాకా ఆగుదాం. మంట మీద పెడితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది."

చాక్లెట్ ముక్కలు పెట్టిన బిస్కట్లని పళ్లెంలో సర్ది, కుంపటి అంచున వేడి తగిలేలా ఉంచింది. పక్కన బకెట్ నిండా నీళ్లు. పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది. కాసేపటికి మెట్టు దిగింది. ఇంకాసేపటికి, తనంతట తనే పొడుగు పుల్ల తీసుకుంది.

"మరిగిన నీళ్లు ఒంటి మీద పడితే జారిపోతాయమ్మా. కరిగిన పంచదార అంటుకుని కూర్చుంటుంది. అందుకే వేలితో ముట్టుకోకు," అంది పెద్దమ్మ.

పిల్ల తలూపి, మార్ష్‌మలోని కిందికి దించింది. మరీ కిందికి. అది భగ్గున అంటుకుంది.

పిల్ల కొయ్యబారిపోయింది. పుల్ల చివర నీలంగా మండుతున్న ముద్ద వణుకుతోంది. విదిలించిందంటే ఎక్కడైనా పడొచ్చు, దాని ముఖం మీదే పడొచ్చు. మరిది ముందుకు లేచాడు. పెద్దమ్మ చెయ్యి కూడా లేచింది. లేచిన చేతిని వెనక్కి లాక్కుని, రెండు చేతులూ చంకల్లో బిగించుకుంది.

"కూర్చోండి," అంది మరిదితో. పిల్లతో మామూలు గొంతుతో అంది. "విదిలించకు. అలాగే పట్టుకో. ఇప్పుడు ఊదు."

పిల్ల ఊదింది. మంట వంగి మళ్లీ లేచింది. పెద్దమ్మ గోళ్లు తన చర్మంలోనే దిగబడ్డాయి.

"ఇంకోసారి. గట్టిగా."

ఆరింది. సన్నగా పొగ లేచింది. చెల్లెలు అప్పుడు వదిలిన ఊపిరి అందరికీ వినపడింది.

"మాడిపోయింది," అంది పిల్ల ఏడుపు గొంతుతో.

"నాకియ్యి. మాడింది నాకిష్టం," అని వాళ్ల నాన్న పళ్లెం చాపాడు.

రెండోది పిల్ల ఎత్తులో పట్టుకుని, మెల్లగా తిప్పుతూ కాల్చింది. చుట్టూ బిస్కట్ రంగొచ్చింది. పెద్దమ్మ దాన్ని రెండు బిస్కట్ల మధ్య నొక్కి పుల్ల లాగేసింది. ముందే వెచ్చబడ్డ చాక్లెట్ అంచుల్లోంచి మెత్తగా జారింది. కాస్త చల్లారనిచ్చి కొరికితే మూతంతా అంటుకుంది. పెద్దమ్మ అవతారం చూసి పిల్ల కిసుక్కున నవ్వింది.

థిన్నర్ డబ్బాలన్నీ మర్నాడే షాపుకి తరలిస్తానన్నాడు మరిది. నిన్న డబ్బా ఎవరివల్ల పడిందన్న మాట మాత్రం ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే ఒప్పుకునే రకాలు కారు ఇద్దరూ.

పిల్ల మూడోది గుచ్చుకుంది.

"పెద్దమ్మా, కొంచెం జరుగు. నేను కాలుస్తా."

పెద్దమ్మ తన స్టూలు వెనక్కి జరుపుకుంది.