ఆటోలో నాకిచ్చిన ఫోన్

పోయిన ఏడాది చివరి రోజున నా భార్య విమల ఎప్పటిలాగే స్కూటర్ మీద తను పాఠాలు చెప్పే బడికి బయలుదేరింది. మారతహళ్ళి దగ్గర, ఫోన్ మాట్లాడుతూ కారు నడుపుతున్న ఒకాయన వెనక నుంచి గుద్దాడు. మధ్యాహ్నానికి విమల పోయింది.

ఈ రోజు ఆఫీసు నుంచి బొమ్మనహళ్ళికి ఆటో ఎక్కాను. దారిలో డ్రైవర్‌కు ఫోన్ వచ్చింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడసాగాడు. బండి పక్కన ఆపి మాట్లాడమన్నాను. ఆపలేదు. ఫోన్ నా చేతికిచ్చాడు.

“నా పెండ్లాం సార్. మీరే మాట్లాడండి, నేను తోల్తా ఉండాను.”

రాత్రికి ఏం వండాలో కనుక్కోమంది ఆమె. అడిగాను. ఆయన పూర్తిగా నా వైపు తిరిగి, రెండు చేతులూ తిప్పుతూ, రాగిముద్దలోకి సొప్పుసారు, అంటే ఆకుకూర పులుసు, ఎట్లా చేయాలో వివరించాడు. ఎదురుగా బస్సు.

“ముందు చూడప్పా,” అన్నాను గట్టిగా.

ఫోన్‌లో ఆమె కంగారు పడింది. “ఆయప్ప మళ్ళా ఫోన్ మాట్లాడతా తోల్తా ఉండాడా సార్?”

“లేదమ్మా. నేను మాట్లాడుతున్నాను.”

“అట్లయితే సరే సార్.”

ఆయన మాట్లాడటం ప్రమాదమా, నేను మాట్లాడటమా? మీరే చెప్పండి. రేపు పొద్దున కూడా ఆయననే రమ్మన్నాను. ఆటో కదలకముందే ఆయన ఫోన్ తీసుకుని, ఆయన భార్యకు నేనే ఫోన్ చేసి, రాత్రి వంట సంగతి తేల్చేస్తాను.