అప్పలసూరి సంచిలో రోడ్డు పక్క మట్టి

ఇన్నేళ్లుగా గుండెలో ఒక రాయి పెట్టుకుని తిరుగుతున్నాను. బరువుకు అలవాటు కూడా పడ్డాను. అంత సిగ్గులేనివాణ్ణి.

అప్పట్లో శృంగవరపుకోట దగ్గర మట్టి నమూనాలు తీయడం నా ఉద్యోగం. ప్రతి పొలానికీ వెళ్లి, మట్టి తవ్వి, రైతు పేరున్న సంచిలో వేసి పరీక్షకు పంపాలి. ఆ ఎండలో కొండ కిందిదాకా ఎవడు నడుస్తాడు? రోడ్డు మీది టీ కొట్టు పక్క పొలంలోనే తవ్వి సంచులన్నీ నింపేశాను. తోటివాళ్లూ అదే చేసేవాళ్లు. మహా తెలివైనవాళ్లం!

రోడ్డు పక్కది ఇసుక నేల. ఏ కొంచెం భాస్వరం వేసినా మొక్కకు అందుతుంది. కొండ కింద అప్పలసూరిది ఇనుము నిండిన ఎర్ర బంకనేల, పైగా ఆమ్లం ఎక్కువున్న పుల్ల నేల. వేసిన భాస్వరాన్ని పిసినారిలా పట్టేసుకుని వేరుకు వదలదు. దానికి సున్నం, పశువుల గత్తం వేసి, ఎరువు మొక్క మొదట్లోనే పెట్టాలి. ఇదంతా నేను చదివినదే, పరీక్షల్లో రాసినదే. చదవేస్తే ఉన్న మతి పోయిందని నాబోటివాణ్ణి చూసే అని ఉంటారు.

పరీక్షలో ఇసుక నేలకు వచ్చిన ఎరువు సలహానే అప్పలసూరికి చెప్పాను. కొంచెం చాలు, పైన చల్లెయ్యమని. చల్లాడు. మొక్కజొన్న ఆకులు వంకాయ రంగుకు తిరిగాయి. కండె గింజ పట్టలేదు.

ఊళ్లో అతనిది మంచి చెయ్యి. ఎవరి పొలంలోనైనా తొలి గుప్పెడు విత్తనం అతనే జల్లాలి. అలాంటి మనిషి వాడిన మొక్క పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"తమరు సెప్పినంతే ఏసినాను బాబూ. నా మట్టిలో ఏటున్నాది?"

దొరికిపోతానని భయం. పదిమంది వింటుండగా నవ్వాను.

"మట్టికేం, బంగారం. నీ చెయ్యే మంచిది కాదు."

మరుసటి ఏడు తొలి విత్తుకు అతణ్ణి ఎవరూ పిలవలేదు. చదువుకున్న బాబు చెప్పాడు కదా! నిన్నటిదాకా ఆ చేతికి దండం పెట్టినవాళ్లే మొహం తిప్పుకున్నారు. ఎందుకలా అన్నాను? నా నడక బద్ధకం బయటపడకూడదని. అంతకన్నా గొప్ప కారణం ఉందేమోనని వెతికాను. లేదు.

మొన్న అటు వెళ్లాను. ఇప్పుడు నేల గుణాల మీద రైతులకు పాఠాలు చెప్పే పెద్దమనిషిని మరి. అప్పలసూరి గట్టు మీద కూర్చున్నాడు, పొలంలో భార్య విత్తుతోంది. కోడలు చోళ్ల విత్తనాల చేట చాపితే చేతులు వెనక్కి లాక్కున్నాడు. తన చెయ్యి పడితే పంట పోతుందట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, మజ్జిగ ఇప్పించాడు. తాగాను. నోటిదాకా వచ్చిన నిజాన్ని కూడా దాంతోపాటే మింగేశాను.

అతనికి చెప్పలేనిది మీకు చెప్పాను. చూడండి, నాకప్పుడే తేలిగ్గా ఉంది. అతను మాత్రం ఇవాళ కూడా విత్తనం ముట్టడు.