యేసమ్మ హాజరు పిలిచిన బడి

మా యేసమ్మ మొండితనం ముందు కుప్పం గ్రానైటు కూడా మెత్తనే. పిల్లలు లేక ఎనిమిదేళ్ల కిందట మూతబడిన మిషన్ బడిలో ఆమె ఆయాగా చేసింది. బడికెదురుగానే ఆమె ఇల్లు, పక్కిల్లు నాది. ఆమె భర్త ఐజాక్, నేను ఆ బడిలోనే ఒకే బెంచీ మీద చదువుకున్నాం. వాడికి పక్షవాతం వచ్చి, మాట పడిపోయి రెండేళ్లయింది. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరు ఒకటే చెప్పాడు, మనిషికి నిద్ర పట్టాలని. ఊరి పక్కన రాళ్లు పిండిచేసే క్రషర్ పెట్టాక ఆ నిద్ర కాస్తా పోయింది. మోత మొదలైతే చాలు, పైకప్పు వైపు చూస్తూ వణికేవాడు.

యేసమ్మ అర్జీ పెడితే కాలుష్య మండలి నుంచి భానుప్రకాశ్ అనే అధికారి మీటరు తెచ్చి మోత కొలిచాడు. అరవై ఎనిమిది డెసిబెల్స్ చూపించింది.

"ఇండ్లుండే సోటయితే యాభై ఐదు దాటకూడదమ్మా, దేశమంతా అదే రూలు. ప్లానులో ఇది పరిశ్రమల జోను. డెబ్బై ఐదు దాకా తప్పులేదు. కాగితం ప్రకారం ఈడ ఇండ్లే లేవు."

ఎవరిని తిట్టేది? గ్రానైటు పాలిష్ షెడ్లొస్తే పనులు దొరుకుతాయని ఆ జోనుకు సంతకాలు పెట్టింది మేమే. మా వేలితో మా కన్నే పొడుచుకున్నాం.

"మరి ఆ బడి సంగతేందప్పా?" అంది యేసమ్మ.

"రికార్డులో బడి ఇంకా ఉండాది. అది నడుస్తాంటే సుట్టూ వంద మీటర్లు యాభై దాటకూడదు. మళ్లీ వచ్చి సూస్తా."

మర్నాడు తొమ్మిదింటికి బడిగంట మోగింది. యేసమ్మ బూజు దులిపి, మా కాలంనాటి రిజిస్టరు తీసి, ఖాళీ బెంచీలకు హాజరు పిలుస్తోంది! ప్రతి పేరుకూ ఆగడం, తలూపడం, టిక్కు పెట్టడం. మాతో చదివిన శాలేము రాజు చిన్నప్పుడే బావిలో పడి చనిపోయాడు. వాడి పేరుకూ ఆగింది. నా పేరు పిలిస్తే, కిటికీ దగ్గరున్న నేను పక్కకు తప్పుకున్నాను.

భానుప్రకాశ్ వచ్చి అదే కిటికీలోంచి చూశాడు. ఖాళీ బెంచీలకు ఆమె తలూపడం చూసి ముఖం పాలిపోయింది. "బడి నడుస్తోంది" అని రాసి, వెనక్కి చూడకుండా జీపెక్కాడు. వారంలో క్రషర్ నోరు మూసుకుంది. ఐజాక్ నిద్రపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

నెల తర్వాత ఒక ఉదయం నేను బడి ముందునుంచి పోతున్నాను. లోపల యేసమ్మ హాజరు పిలుస్తోంది.

"ఐజాక్."

"ఉండాను."

వెనక బెంచీలోంచి, ఐజాక్ గొంతు. దేవుని తోడు, నేనూ విన్నాను. ఇద్దరం ఇంటికి పరుగెత్తాం. ఐజాక్ మంచం మీద నిద్రపోయినట్టే ఉన్నాడు. చేతులు చల్లబడిపోయి ఉన్నాయి.

సమాధి చేసిన మూడోరోజు మళ్లీ గంట మోగింది. నాకు కోపమొచ్చింది. "వాడే పోయినాక ఇంక ఎవురికోసరం కొడతాండావు యేసమ్మా?"

ఆమె రిజిస్టరు మీంచి తలెత్తలేదు.

"మొన్న పలికినాడు గదన్నా. బడి ఆపితే క్రషర్ మళ్లీ తిరుగుతాది, ఆ మోతలో మళ్లీ పలికితే నాకెట్లా ఇనపడతాది?"