ప్లాస్టర్ సన్యాసమ్మ

బెజవాడ చేపల మార్కెట్లో సన్యాసమ్మ పీట ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. ప్లాస్టర్ సన్యాసమ్మ అని అడగాలి. అప్పుడు ఐసు పెట్టెలు దించేవాడి దగ్గర్నుంచి పొలుసులు ఊడ్చే ముసలమ్మ దాకా అందరూ ఒకే వైపు చెయ్యి చూపించేవారు.

ఆ పేరు తొంభై నాలుగులో వచ్చింది. ఒక ఆదివారం పొద్దున బోణీ బేరానికి బొచ్చె చేపను కోస్తూ ఆమె ఎడమ చూపుడు వేలు కోసుకుంది. కైకలూరు వైపు నుంచి కాపురానికొచ్చి, పన్నెండేళ్ళుగా కత్తిపీట కాలి కింద తొక్కిపట్టి చేపలు కోస్తున్న మనిషికి వేలు తెగడం వింతేమీ కాదు. మార్కెట్లో ఎవరికి తెగినా ఒకటే వైద్యం. గాట్లో కాఫీ పొడో పసుపో కూరి, పాత గుడ్డ చుట్టి, మళ్ళీ పీట మీద కూర్చోవడమే. లేచి వెళ్ళారా, బేరం పక్క పీటకి పోతుంది.

ఆ బోణీ బేరం పద్మావతమ్మ గారిది. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. కాఫీ పొడి డబ్బా అందుకోబోతున్న సన్యాసమ్మ చేతిని పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కుపోయారు. సబ్బుతో కడిగించి, నెత్తురు ఆగేదాకా శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, చుట్టూ తడి లేకుండా ఒత్తారు. సంచిలోంచి ప్లాస్టర్ చుట్ట తీసి సన్నటి ముక్కలు కత్తిరించారు. తెగిన అంచులు రెండూ ఒకదానికొకటి ఆనేలా దగ్గరికి నొక్కి, గాటుకి అడ్డంగా ముందు నడిమధ్యన ఒక ముక్క, తర్వాత కాస్త ఎడంగా అటొకటీ ఇటొకటీ అంటించారు.

"జాకెట్టుకి హుక్సు పెట్టినట్టే ఇదీ. అడ్డంగా పడితేనే రెండు వైపులూ కలుస్తాయి. తడవనివ్వకు. దానంతటది ఊడేదాకా పీకకు," అన్నారు.

చేపలు కోసే మనిషితో తడవనివ్వకు అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. సన్యాసమ్మ నవ్వింది కూడా. అయినా వేలికి పాల కవరు తొడిగి, దారంతో కట్టుకుని పని చేసుకుంది. పదో రోజుకి ప్లాస్టర్లు ఊడిపడ్డాయి. కింద వెంట్రుకంత గీత తప్ప ఏమీ లేదు. ఆ వేలిని ఆమె మార్కెట్టంతా ఊరేగించినంత పని చేసింది.

ఆ తర్వాత ఆమె పీట పక్కన ఒక బిస్కెట్ల డబ్బా వెలిసింది. అందులో ప్లాస్టర్ చుట్ట, చిన్న కత్తెర, సబ్బు ముక్క, ఉతికిన గుడ్డలు. ఎవరికి తెగినా అక్కడికే రావాలి, వచ్చి తిట్లు తినాలి. కడిగేటప్పుడు ఒకసారి, అంటించేటప్పుడు ఒకసారి, రేపొచ్చి చూపించమని ఒకసారి తిట్టేది. ఏడేళ్ళలో ఎన్ని వేళ్ళు అతికించిందో ఆమెకే తెలియదు. డాక్టరు చదువు ఒక్కటే తక్కువైందని జనం వేళాకోళమాడితే, అదేదో నిజమే అన్నట్టు తల ఊపేది. అక్కడే వచ్చింది చిక్కు.

రెండువేల ఒకటిలో, వానాకాలం. పక్క పీట శౌరమ్మకి జెల్ల చేప ముల్లు దిగింది. కుడి బొటనవేలి మొదట్లో, పెసరగింజంత రంధ్రం. ఈ ఇద్దరికీ రోజూ తగువే, రోజూ ఒక టీ రెండు గ్లాసుల్లోకి పంచుకోవడమే. శౌరమ్మ ఇల్లు ఆ కుడి చేతి మీదే గడుస్తుంది. బొటనవేలి పట్టు లేకపోతే జారే చేపను పట్టుకునేదెవరు?

సన్యాసమ్మ డబ్బా తెరిచింది. మార్కెట్లో అందరికంటే పెద్దది బుల్లెమ్మ. ఆమె అడ్డుపడింది. ముల్లు గుచ్చుకుంటే మూయకూడదనీ, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి పెట్టించి చెడు నెత్తురు పోనివ్వాలనీ, తమ కాలం నుంచీ అదే పద్ధతనీ చెప్పింది. సన్యాసమ్మ ఆ మాటను పాత చాదస్తం కింద కొట్టిపారేసింది. పైపైన కడిగి, రంధ్రం మీద మూడు ప్లాస్టర్లు ముచ్చటగా అంటించింది. పద్మావతమ్మ గారు నేర్పింది కత్తి గాటుకి. ఆవిడ చేపలు తినేవారే గానీ జెల్లను ఏనాడూ చేత్తో ముట్టలేదు, ముల్లు సంగతి చెప్పాలని ఆవిడకి తట్టనే లేదు.

మూడో రోజు శౌరమ్మ రాలేదు. నాలుగో రోజు పొద్దున, ఎన్నడూ లేనిది, సన్యాసమ్మ బేరం మధ్యలో పీట వదిలేసి కృష్ణలంకలో శౌరమ్మ ఇంటికి వెళ్ళింది. శౌరమ్మ చెయ్యి మణికట్టు దాకా ఉబ్బి, ఒళ్ళు కాలిపోతోంది. ప్లాస్టర్లు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సన్యాసమ్మ అప్పటికప్పుడు ఆమెని రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఆ ప్లాస్టర్లు తీసి, చీము చూసి, ఎవరు అంటించారని అడిగింది.

"నేనే అంటించుకున్నానండీ," అంది శౌరమ్మ.

గోడకి ఆనుకుని నిలబడ్డ సన్యాసమ్మకి ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఊరుకుని ఉంటే గడిచిపోయేదే.

"కాదండీ. నేను," అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కత్తి గాటు అయితే అడుగు కనిపిస్తుంది, కడగొచ్చు, మూయొచ్చు. ముల్లు లోతుకి దిగి మురికిని లోపలే వదిలేస్తుంది, పైన మూస్తే అది లోపలే కుళ్ళుతుంది అని చెప్పింది. ఎవరొచ్చినా కోసుకుందా, గుచ్చుకుందా అని ముందు అడగాలంది.

చెయ్యి దక్కింది. బొటనవేలు మాత్రం కర్రలా బిగుసుకుపోయి, ఇక వంగలేదు. నెలన్నరకి శౌరమ్మ మళ్ళీ పీట మీదికొచ్చింది. నాలుగు వేళ్ళతో చేపను అదిమి, ఇదివరకు రెండు కోసే వేళకి ఒకటి కోసేది. సన్యాసమ్మని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని సన్యాసమ్మ రోజూ అనుకునేది. డబ్బాను ఐసు పెట్టె వెనక్కి నెట్టేసింది. వేళ్ళు తెగినవాళ్ళు వస్తే ఆసుపత్రికి పొమ్మనేది. వాళ్ళు ఆసుపత్రికి పోలేదు, కాఫీ పొడి దగ్గరికి పోయారు.

చలికాలంలో ఒక పొద్దున, పట్టు తప్పి శౌరమ్మ ఎడమ అరచెయ్యి కోసుకుంది. కుళాయి దగ్గర కడుక్కుని, గుడ్డ నొక్కిపెట్టుకుని, తిన్నగా వచ్చి సన్యాసమ్మ ఎదుట కూర్చుని, ఆ చెయ్యి ఆమె ఒళ్ళో పెట్టింది.

"డబ్బా తియ్యక్కా."

"నా చేత్తో వద్దే. చేసిన నిర్వాకం చాల్దా?"

"అది నువ్వొక్కదానివే మోస్తున్నావా? నేనూ మోస్తున్నాగా. అడగాల్సింది అడుగు ముందు."

సన్యాసమ్మ ఐసు పెట్టె వెనక నుంచి డబ్బా లాగింది.

"కత్తా, ముల్లా?"

"కత్తే."

అయినా నమ్మకుండా గుడ్డ తీసి, వెలుగులోకి తిప్పి, అడుగు కనిపించేదాకా చూసింది. గాటు పైపైనే ఉంది. వేళ్ళన్నీ ఆడించమంది, ఆడాయి. మళ్ళీ సబ్బుతో కడిగి, తడి ఒత్తి, ప్లాస్టర్ కత్తిరించింది. అంచులు కలుపుదామంటే ఒక వైపు పడితే రెండోది జారుతోంది.

శౌరమ్మ తన కుడి చెయ్యి చాపి, ఆ వంగని బొటనవేలితో ఒక అంచును కదలకుండా నొక్కిపట్టింది.

"దీనికింకా ఈ పనొకటి చేతనవునులే. అంటించు," అంది.

సన్యాసమ్మ గాటుకి అడ్డంగా, ముందు నడిమధ్యన, మొదటి ముక్క అంటించింది.