తమ్ముడి తలలోని నిద్రగింజ

జర దగ్గరికి వచ్చి కూర్చోండి. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకోండి. మా తమ్ముడికి నిద్ర ఎట్లా తిరిగి వచ్చిందో చెబుతాను.

వాడు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఓ వారం పగటి షిఫ్టు, ఓ వారం రాత్రి షిఫ్టు. ఎప్పుడు పడుకోవాలో వాడి ఒంటికే తెలియకుండా పోయింది. ఒకసారి బాయి లోపల నిలబడే కునుకు తీసి, కదిలే బొగ్గు టబ్బుల మీద పడబోతే పక్కవాడు పట్టి లాగాడు. అది విన్ననాటి నుంచి నాకు ముద్ద దిగలేదు.

తెలంగాణ కోసం బాయిలు బంద్ పెట్టినప్పుడు వాడు లింగాల ఘనపూర్‌లో మా ఇంటికి వచ్చాడు. కళ్లు తెరిచే ఉన్నా కలలో నడుస్తున్నట్టుండేవాడు. చీకటైతే నిద్ర పడుతుందని మా అవ్వ వడ్ల అర్రలో మంచం వేసి, కిటికీకి గోనెసంచి కట్టింది. పగలంతా అందులోనే. రాత్రయితే వాకిట్లో తిరుగుడే.

జనగామ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ అంతా విని నవ్వింది.

"ఏందవ్వా, బాయిల నుంచి వచ్చినోన్ని మళ్ల బాయిలనే పెట్టినవా?"

"చీకట్ల మంచిగ పండుకుంటడనుకున్న బిడ్డా."

"చీకటి రాత్రికి గావాలె. తలకాయ నడిమిట్ల వడ్లగింజంత గ్రంథి ఉంటది. దాన్ల కొన్ని జన్యువులు పొద్దుగూకినంక పనిల వడ్తయి, తెల్లారితే తగ్గుతయి. నిద్రను పిలిచే మందు అండ్లనే తయారైతది. కండ్లకు ఎండ తగిలితేనే దానికి పగలేదో రాత్రేదో ఎరుక."

గోనెసంచి ఆ పూటే విప్పాం. మర్నాడు ఊళ్లో వంటావార్పు. తెలంగాణ కావాలని బండ్లు ఆపి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి ఊరంతా వండుకుని తినేవాళ్లం. తమ్ముణ్ని ఎండలో కూర్చోబెట్టి ఉల్లిగడ్డలు కోయమన్నాను.

"అక్కా, కండ్లల్ల నీళ్లొస్తున్నయే!"

"రానియ్యి. నీళ్లు బయటికి, ఎండ లోపలికి."

"గుడ్లగూబ పగటీలి బయటికొచ్చిందే!" అంది పక్కింటి చిన్నమ్మ. అందరితో పాటు వాడూ నవ్వాడు.

రోజూ పొద్దున్నే ఎండలోకి వెళ్లేవాడు. చీకటి పడగానే దీపం తగ్గించేవాళ్లం. ఓ సాయంత్రం వాకిట్లో మంచం మీద మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. వంగి చూస్తే నిద్ర. ఆ ఊపిరి వింటుంటే మా వాకిలంతా నీళ్ల మీద తేలుతున్నట్టనిపించింది.

"బువ్వ తినలే, లేపు," అంది అవ్వ.

"వద్దవ్వా, పండనియ్యి."

బాయిలు తెరిచాక వాడు లోపలికి దిగకుండా పైన చేసే పనికి, పగటి షిఫ్టుకే అడిగి మారాడు. నాకు మళ్లీ ముద్ద దిగింది.

మీ ఇంటి నుంచి పనికి పోయినవాళ్లు చల్లగా తిరిగి రావాలి. పొద్దుగూకితే మీ ఇంట్లో పిల్లాపెద్దా కమ్మగా నిద్రపోవాలి.